బీరువా వెనక గోడ

నీలిపొడి: పదకొండో భాగం

పోయిన వారం సంధ్యారాణిని సూరత్ దగ్గర పల్సానా రోడ్డు మీద, రంగుల కంపెనీ గేటు బయట వదిలేసి వచ్చాం. చేతిలో తినని టిఫిన్ బాక్సు, నోట్లోంచి జారిపోయిన ఒక మాట. ఆ మాట ఎందుకు జారనిచ్చానా అని రెండు రోజులుగా తనని తాను తిట్టుకుంటూనే ఉంది. తిట్టుకోవాల్సిందే మరి. మన భాష మాట్లాడినంత మాత్రాన మనవాడైపోతాడా మనిషి?

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. కంపెనీలో నీలిరంగు పొడిని ఆరబెట్టే డ్రయ్యర్ మండి నేటికి తొమ్మిది రోజులు. డ్రయ్యర్ తలుపు తీసిన వినోద్ అక్కడికక్కడే పోయాడు. వాడి వెనకే నిలబడ్డ ఆపరేటర్ రవీంద్ర, అంటే మన సంధ్యారాణి తమ్ముడు, ఒళ్లు కాలి, గొంతులో గొట్టంతో సర్కారు దవాఖానలో పడి ఉన్నాడు. వాడు నోరు విప్పలేడు. కంపెనీ మాత్రం బాగానే విప్పింది. డ్రయ్యర్ నూట పది డిగ్రీలు దాటనే లేదట, కావాలంటే చార్టు చూసుకోండట, రవీంద్ర లోపల బీడీ ముట్టించాడట. ఈ మాటే నిలబడితే, బతికి లేచిన రోజునే వాడు తన ప్రాణస్నేహితుడి చావుకు జైలుకు పోతాడు.

ఆ కంపెనీ ల్యాబులోనే సంధ్యారాణి ఆరేళ్లుగా రంగులు సరిచూస్తోంది. ఆ నీలంలో రాగి ఉంటుంది. సరైన వేడిలో ఆరితే ఎరుపు చాయ కొట్టే నీలం, దాన్ని ఆల్ఫా అంటారు. అదే పొడి రెండువందల డిగ్రీలు దాటి ఉడికితే లోపల గింజల అమరిక మారిపోయి పచ్చచాయకు తిరుగుతుంది, అది బీటా. నూలు అదే, నేత మారుతుంది. ఒకసారి తిరిగాక చల్లార్చినా వెనక్కి రాదు. అంటే ఎంత వేడి చూసిందో ఆ పొడే తన ఒంట్లో దాచుకుంటుందన్నమాట. కానీ ఫ్యాక్టరీలో ఉన్న పొడంతా మంటల్లో కాలిందే, దాన్ని చూపించి లాభం లేదు. ల్యాబులో పాత బ్యాచుల నమూనాలుండే అల్మారా మర్నాటికే ఖాళీ. ఇక మంటకు ముందే ఫ్యాక్టరీ దాటి బయటికొచ్చిన పొడి ఎక్కడ దొరుకుతుంది?

జోల్వాలో దొరుకుతుంది. మరమగ్గాల షెడ్ల వెనక మనవాళ్లుండే ఒంటిగది ఇళ్ల వరసలో, అదే చాల్‌లో, గోడల మీద. డ్రయ్యర్ ట్రేల కింద రాలిన పొడిని ఊడ్చి, ఖాళీ పాల ప్యాకెట్లలో కట్టి ఇంటికి తెచ్చుకుని సున్నంలో కలిపి కొట్టడం ఆ కుర్రాళ్లకు అలవాటు. పొడి పారబోస్తే కంపెనీకి తలనొప్పి, తెచ్చుకుంటే ఇంటికి అందం. అందుకే ఆ వరసలో ఇరవై రెండు ఇళ్లూ నీలంగానే ఉంటాయి. వినోద్ గుమ్మం పక్క గోడ పచ్చచాయ కొడుతోందని సంధ్యారాణి పోయిన వారం గుర్తుపట్టింది. గుర్తుపట్టి ఊరుకుందా? తిన్నగా వెళ్లి ప్లాంటు మేనేజరు లక్ష్మీకాంత్ గారి ముందు పెట్టింది. విజయవాడ మనిషి, తనకూ తమ్ముడికీ ఉద్యోగాలిచ్చిన మనిషి, న్యాయం చేస్తాడని.

ఆయన నింపాదిగా విని, సూర్యుడి వేడికి ఏ రంగైనా మారుతుందమ్మా, బయటి గోడ సాక్ష్యం ఎవరు ఒప్పుకుంటారు అన్నాడు. అప్పుడు జారింది మాట. "అయితే లోపల బీరువా వెనకది చూద్దాం సార్, అక్కడ ఎండ పడదు కదా" అంది పిచ్చి పిల్ల.

ఇదిగో, బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆ మాట తిరిగొచ్చి చాల్ ముందు నిలబడింది. రెండు బకెట్ల డిస్టెంపరు, ఒక నిచ్చెన, గీకుడు రేకుతో అంబదాస్ అనే సోలాపూర్ తెలుగు పెయింటరు. మర్నాడు వినోద్ పదకొండో రోజు. మైల పోవాలంటే ఇల్లు కడిగి సున్నం కొట్టాలి, రాత్రి బండికి సిరిసిల్ల నుంచి చుట్టాలొస్తారు. ఆ ఖర్చేదో మేమే భరిస్తాం, సున్నమెందుకు, మంచి డిస్టెంపరే వేయిస్తాం అని కంపెనీ పంపింది. ఎంత దయగల కంపెనీయో చూడండి. తొమ్మిది రోజుల్లో దవాఖాన మందులకు ఒక్క రూపాయి ఇవ్వని వాళ్లకు గోడల మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చింది.

సంధ్యారాణి వచ్చేసరికి బయటి గోడ అప్పటికే సగం గీకేశాడు. నీలం పెచ్చులు మోరీలో పడి నీళ్లకు కొట్టుకుపోతున్నాయి. ఆమె భుజానికున్న సంచీని గట్టిగా పట్టుకుంది. అందులో తమ ఇంటి గోడ పెచ్చులు ఒక పొట్లం, ఒక తెల్ల పలక, చిన్న కత్తి, నూడుల్స్ బండివాడి దగ్గర కొన్న సిర్కా, అంటే వెనిగర్ సీసా ఉన్నాయి. సూరత్‌లోనే ఒక కాలేజీలో ఎక్స్‌రే మిషను నడిపే బ్రహ్మచారి అనే ఆయనతో ముందురోజు ఫోన్లో మాట్లాడింది. చిటికెడు తీసుకురా, మిషను కింద పెడితే ఆల్ఫానో బీటానో గీతలు పడతాయి, ఎక్స్‌రే తగిలినంత మాత్రాన ఆ గింజలు మారవు, ఆ భయం వద్దు అన్నాడాయన. కానీ ఎవరి ఇంటిదో, ఏ రోజు కొట్టిందో ఆ ఇంటివాళ్లే సంతకం పెట్టి ఇయ్యాలి, లేకుంటే అది ఉత్త నీలిపొడి అని కూడా అన్నాడు. సోమవారం విచారణకు ఆఫీసర్లు వస్తారు. అంటే ఈ గోడ ఉండాలి, పక్కన నీరజ సంతకం ఉండాలి.

నీరజ సంతకం! వినోద్ పెళ్లాం నీరజ ఈ తొమ్మిది రోజుల్లో సంధ్యారాణి ఇంటి గడప వైపు చూడలేదు. సంధ్యారాణి తల్లి బాలవ్వ అన్నం వండుకుపోతే గిన్నెతో సహా వాకిట్లో బోర్లించింది. మీ కొడుకు తాగిన బీడీకి నా మొగుడు బూడిదయ్యిండని అందరి ముందూ అంది. బాలవ్వ ఆ గిన్నె ఏరుకుని ఇంటికొచ్చి మూడు రోజులు తినలేదు, మంచం పట్టింది.

నీరజ గుమ్మంలోనే ఉంది. ఒళ్లో నాలుగు నెలల అక్షర. సంధ్యారాణిని చూసి లేవలేదు, మొహం తిప్పుకోలేదు. ఆ చూపును తట్టుకోవడం కంటే తిట్లు పడటం నయం.

"ఎందుకచ్చినవ్?" అంది.

సంధ్యారాణి రాత్రంతా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. లోపలి గోడ జర చూడాలె అని మాత్రం అనగలిగింది. నీరజ నవ్విన నవ్వు నవ్వు కాదు. మా ఇంట్ల మనిషిని చూడనీకి రాలే, గోడను చూడనీకి వచ్చినవా అంది. పో అక్కా, నా నోటెంట మాట రాకముందే పో అంది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? సంధ్యారాణి తల వంచుకుని వెనక్కి తిరిగింది కూడా.

అప్పుడు అంబదాస్ నోరు తెరిచాడు. ఆయనకు పాపం ఏ గొడవా తెలీదు. నిచ్చెన దిగి చెమట తుడుచుకుంటూ, అమ్మా బయటిది తర్వాత చూస్తా, ముందు లోపలికి రానియ్యి అన్నాడు. "సాయేబు మల్ల మల్ల చెప్పిండు. మొదలు బీరువ జరిపి దాని ఎనక గీకు, పెచ్చులు గూడ సంచిల కట్టుకొని రా అన్నడు."

నీరజ బిడ్డను భుజానికెత్తుకుని మెల్లగా లేచింది. ఏడో తరగతి దాకానే చదివింది కానీ మట్టి బుర్రేం కాదు. బాబిన్లు చుట్టే పనిలో రోజుకు నాలుగు వందల దారపు కొనలు పట్టుకునే పిల్ల, కొన ఎక్కడ తెగిందో చేతికి తెలుస్తుంది. బీరువా వెనక గోడ ఎవరికి కనబడుతుంది? దాని పెచ్చులు మేనేజరుకెందుకు? తన ఇంట్లో బీరువా ఉందనీ, దాని వెనక గోడ ఉందనీ ఆయనకెవరు చెప్పారు?

"నేనే చెప్పిన" అంది సంధ్యారాణి.

నీరజ అంబదాస్‌ను చాయ్ తాగి రమ్మంది. గంట దాకా రావద్దంది. ఆయన బకెట్ల మీద మూతలు పెట్టి సంతోషంగా పోయాడు. ఆమె లోపలికి నడిచి, తలుపు దగ్గర ఆగి, రమ్మనకుండానే తలుపు తెరిచి ఉంచింది.

ఒకటే గది. మూల పొయ్యి, దూలానికి తొట్టె, తొట్టె పక్కన వినోద్ ఫొటోకు ఎండిన బంతిపూల దండ. తూర్పు గోడకు ఇనుప బీరువా. పక్క షెడ్డులో మగ్గాలు ఆడుతుంటే బీరువా తలుపు సన్నగా వణుకుతోంది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని జరిపారు. బరువుకు నాపరాయి మీద కీచుమంది, అక్షర ఉలిక్కిపడి ఏడ్చింది, నీరజ జోకొడుతూనే తోసింది. వెనక బూజు, ఒక పాత రాఖీ, నీలం గోడ. ఆ గోడ మీద, మనిషి నడుమంత ఎత్తున, పెద్ద అరచెయ్యి అచ్చు ఒకటి ఉంది. సున్నం తడిగా ఉండగా ఎవరో చెయ్యి ఆనించి లేచినట్టు.

నీరజ దాన్ని చూసి అక్కడే కూలబడింది. అది వినోద్ చెయ్యి. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో దినానికి తొట్టె కట్టే ముందురోజు, జనవరి ఇరవైన, రవీంద్రా వాడూ కలిసి ఆ గోడ కొట్టారు. వంగి వంగి నడుం పట్టేసిందని గోడకు చెయ్యి ఆనించి లేచాడట. ఛీ, గోడ పాడు చేసినవని నీరజ అరిస్తే, బీరువ అడ్డం పెడితే ఎవడు చూస్తడే అన్నాడట. ఈ నాలుగు నెలలూ ఆ చెయ్యి అక్కడే ఉందని ఆమె మరిచేపోయింది. ఇప్పుడు తన చేతిని ఆ అచ్చుకు ఆనించి, పైకి వినబడకుండా చాలాసేపు ఏడ్చింది. సంధ్యారాణి బిడ్డను అందుకుని తిప్పుతూ నిలబడింది. ఓదార్చే ముఖం తనకు లేదని ఆమెకు తెలుసు.

ఏడుపు తగ్గాక నీరజే అడిగింది. "చెప్పు. ఏం చూస్తవో చూడు. చెయ్యి మాత్రం ముట్టకు."

సంధ్యారాణి ఆ అచ్చుకు మూరెడు దూరంలో, కింద మూల, కత్తితో రెండు చెంచాల సున్నం గీకింది. ఒక స్టీలు గ్లాసులో అది, ఇంకో గ్లాసులో తమ ఇంటి నుంచి తెచ్చింది. తమ ఇల్లు రవీంద్ర పోయిన వానాకాలం చివర కొట్టాడు, అదే డ్రయ్యర్ పొడితో, అదే సున్నంతో. రెంటిలోనూ సిర్కా పోసింది. బుస్సుమని నురుగు పొంగింది. సున్నం కరిగి కరిగి నీళ్లలో కలిసిపోతోంది, నీలం మాత్రం అడుగున కూర్చుంటోంది. పాత కోరా గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి, రెండు మూతల్లో పరిచి వాకిట్లో ఎండకు పెట్టింది.

నీరజ అది చూసి ఆగింది. ఎండకు పెడితే మారదా మరి, మేనేజరు గదే అన్నడంటివి కదా అంది.

మంచి ప్రశ్న. సంధ్యారాణి చెప్పింది. ఆ నీలం నడిమధ్య రాగి కూర్చుని ఉంది, అందుకే ఎండ దాన్ని పదేళ్లయినా కదపలేదు. బస్సులకు, దుకాణాల బోర్డులకు అందుకే ఆ నీలం వేస్తారు. మా ఇంటి బయటి గోడ ఎనిమిది నెలలు ఎండ తిన్నది, లోపలి గోడ తినలేదు, రెండూ పక్కపక్కన పెడితే తేడా లేదు. దాన్ని మార్చేది వేడొక్కటే, అదీ అన్నం ఉడికే వేడి కాదు, నూనె పొగలొచ్చే వేడి.

మే నెల ఎండకు పావుగంటలో ఆరిపోయాయి. తెల్ల పలక గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడని వెలుతురులో పెట్టింది. ట్యూబులైటు కింద రంగు చూడకూడదు, అది ల్యాబులో మొదటి పాఠం. నీలంలో తెలుపు కలిపితేనే అసలు చాయ బయటపడుతుంది. తెల్లరంగు తేవడం మరిచింది. చుట్టూ చూసి, బిడ్డ దద్దుర్లకు రాసే తెల్ల క్రీము ఉందా అని అడిగింది. నీరజ వింతగా చూసి ఇచ్చింది. శనగగింజంత క్రీము, ఆవగింజంత నీలం, కత్తి వెడల్పుతో నలిపి నలిపి ఒక పట్టీ లాగింది. దాని పక్కనే, మధ్యలో సందు లేకుండా, రెండో పట్టీ. ఆరేళ్లుగా రోజుకు ఇరవైసార్లు చేసిన పని.

చెప్పాల్సిన పనే లేకపోయింది. నీరజ ముందుకు వంగి వేలితో చూపించింది.

"గిది జర ఊదా కొడుతుంది. గిది నెమలిపచ్చ. ఏది మాది?"

"పచ్చది."

"అంటే?"

అంటే, సంధ్యారాణి మెల్లగా విడమరిచింది, జనవరి ఇరవైకే ఆ డ్రయ్యర్ రెండువందలు దాటి కాగుతోంది. చార్టు మీద నూట పదే ఉంటుంది, ఎందుకంటే వేడి కొలిచే సెన్సార్ తీగను ఎవరో చల్లగాలి వచ్చే వైపుకు జరిపారు. ఆర్డర్లు ఎక్కువై, రెండు రోజుల్లో ఆరాల్సిన పొడి ఒక్కరోజులో ఆరాలని. అంత వేడికి ఎండి పిప్పయిన పొడి తలుపు తీయగానే గాలి తగిలి అంటుకుంటుంది. దానికి బీడీ అక్కర్లేదు. "మా తమ్ముడు బీడీ తాగలేదు నీరజా. వాడు తాగినా తాగకున్నా వినోద్ పోయేటోడే. జనవరి నుంచి ఏదో ఒకరోజు కావాల్సిందే అది."

నీరజ పలక వైపే చూస్తోంది. బిడ్డ ఆ క్రీము వాసనకు చెయ్యి చాపుతుంటే పక్కకు జరిపింది. రవన్నను ఎన్ని మాటలన్నానని ఒకసారి గొణిగింది. బాలవ్వ గిన్నె గురించి ఏదో అనబోయి ఆగింది. సంధ్యారాణికి కళ్లు నిండాయి. తొమ్మిది రోజుల తర్వాత గుండె మీద నుంచి రాయి దిగినట్టనిపించింది. తమ్ముడు బయటపడ్డాడు, ఈ పిల్ల సంతకం పెడుతుంది, చాలు దేవుడా అనుకుంది.

చాలు అనుకున్నప్పుడే వస్తుంది అసలు ప్రశ్న. నీరజ తలెత్తింది.

"అక్కా, నువ్ కంపెనీల రంగులు చూసేదానివి కదా. మా గోడ రంగు మారిందని నాలుగు దినాలల్లనే పట్టినవ్. కంపెనీల పొడి నీ బల్ల మీదికి రోజూ అచ్చేది. నీకెప్పుడు కనబడ్డది?"

వాకిట్లో గ్లాసుల చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. సంధ్యారాణి అబద్ధం చెప్పొచ్చు. నాకు వేరే రంగులు కలిపాకనే పంపేవాళ్లు అని ఒక్క మాటంటే నీరజకు తెలిసే దారి లేదు. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా గోడ మీద ఆ అరచెయ్యి ఉంది.

"జనవరిలనే" అంది.

ఇక ఆగలేదు, అంతా చెప్పేసింది. సంక్రాంతి వెళ్లిన మర్నాడే మొదటి పచ్చ బ్యాచు వచ్చింది. పోయి లక్ష్మీకాంత్ గారికి చూపించింది. డ్రయ్యర్ ఆపితే ఆర్డరు పోతుంది, ఆపరేటర్లనే తీసేస్తారు, నీ తమ్ముడూ ఉన్నాడు కదా అన్నాడాయన. చిటికెడు వయొలెట్ రంగు కలిపితే ఎరుపు తిరిగొస్తుంది, ఆ మాత్రం నీ కన్నుకు తెలీదా, సూరత్ మొత్తంలో నీలాంటి కన్ను లేదు అన్నాడు. ఆ పొగడ్తకు ఆమె పొంగిపోయింది. అవును, పొంగిపోయింది, దాచేదేముంది? వయొలెట్ కలిపింది. చాయ సరిపోయింది. రిజిస్టరులో 'షేడ్ ఓకే' అని రాసి సంతకం పెట్టింది. ఆ తర్వాత ఏప్రిల్ దాకా పదమూడు బ్యాచులు, పదమూడు సంతకాలు. ఆ పచ్చచాయ డ్రయ్యర్ పెడుతున్న కేక అని ఆమెకు తెలుసు. బీఎస్సీ చదివిన పిల్లకు తెలియకపోవడమేమిటి? తెలిసి, రంగు సరిచేసింది గానీ వేడి సంగతి ఎవరికీ చెప్పలేదు.

"రవి ఒకనాడు అడిగిండు. పొడి పచ్చగ కొడుతుందేందే అక్కా, ట్రేలు గూడ చెయ్యి పెట్టనిస్తలేవు అన్నడు. నువ్ నోరు మూసుకొని పని చెయ్, నేను సరిజేస్తున్న అన్న. గప్పటి నుంచి వాడు మల్ల అడుగలే."

నీరజ కొట్టలేదు, అరవలేదు. బిడ్డను తొట్టెలో వేసి, చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకునేందుకు చేతులకేమీ లేదు.

"వినోద్ నీ చేతి అన్నం తిన్నడు అక్కా" అంది. "మా అక్కలెక్క అనేటోడు నిన్ను."

ఆ మాటకు సంధ్యారాణి నేల మీద కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకుంది. నేను చంపిన అనే మాట ఆమె లోపల తొమ్మిది రోజులుగా తిరుగుతోంది. దాన్ని తమ్ముడి మీద నింద, మేనేజరు మీద కోపం, ఎక్స్‌రే మిషను మీద ఆశ, ఇన్నిటి కింద పెట్టి కప్పింది. గోడ మీద సున్నంలా పొర మీద పొర వేసింది. ఈరోజు తనే గీకింది.

కాసేపటికి ఒక నోటు పుస్తకం, పెన్ను ఆమె ముందు పడ్డాయి. నీరజ పైన నిలబడి ఉంది. సంతకం పెడతానంది. గోడ తనదేననీ, జనవరి ఇరవైన కొట్టిందేననీ, ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి చెప్తాననీ అంది. ఒకే ఒక్క షరతు.

"మొదలు నువ్ రాయి. గిప్పుడు నాకు చెప్పిందంత రాయి. వయొలెట్ కలిపింది, సంతకాలు పెట్టింది, రవన్న నోరు మూపిచ్చింది. అన్ని రాసి నీ పేరు పెట్టు. గప్పుడు నా పేరు పెడ్త."

అలా రాస్తే ఏమవుతుందో సంధ్యారాణికి తెలుసు. పొట్లంలోని పొడి తమ్ముణ్ణి విడిపిస్తుంది, ఈ కాగితం తనని పట్టిస్తుంది. తెలిసి తెలిసి ప్రమాదం దాచినందుకు లక్ష్మీకాంత్ పక్కన తననూ నిలబెడతారు. ఆయనకు వకీళ్లు ఉంటారు. తనకు మగ్గం నడిపే తండ్రి, మంచం పట్టిన తల్లి, కాలిన తమ్ముడు ఉన్నారు. అయినా పెన్ను తీసుకుంది. ఎందుకు తీసుకుందంటే నేనేం చెప్పను? బరువు మోసి మోసి అలిసిన మనిషికి దించుకునే చోటు దొరికితే, అది ముళ్లకంపైనా దించుకుంటుంది. ఒకటిన్నర పేజీ రాసింది. బ్యాచు నంబర్లతో సహా గుర్తున్నాయి. చివర పేరు, తేదీ వేసింది. కింద నీరజ పేరు రాసింది, అక్షరాలు ఒక్కొక్కటిగా, బిడ్డ పుట్టినప్పుడు ఆసుపత్రి కాగితం మీద రాసినట్టే. పచ్చచాయ పొట్లాన్ని ఆ కాగితం మధ్యలో పెట్టి మడిచి, నీరజ తన చేతిలోనే ఉంచుకుంది.

అప్పుడు వాకిట్లో చెప్పుల చప్పుడు. అంబదాస్ అనుకున్నారు. కాదు, సోమలింగం, సంధ్యారాణి తండ్రి. పొద్దున దవాఖానకు పోయినవాడు రెండో పూట దాకా రాడు. ముప్పై ఏళ్లుగా మగ్గాల మోతలో బతికి చెవులు మందగించిన మనిషి, మాట్లాడితే గట్టిగానే మాట్లాడతాడు. ఈరోజు గొంతు వినబడటం లేదు. నీరజ గడప బయటే ఆగిపోయాడు. ఆ ఇంట్లో తన కూతుర్ని చూసి ఆశ్చర్యపోయే ఓపిక కూడా లేనట్టుంది.

పొద్దున గొంతులో గొట్టం తీసేశారని చెప్పాడు. పిల్లగాడికి మాట వచ్చిందన్నాడు. సంధ్యారాణి లేచి నిలబడింది, ఏడుపో నవ్వో తెలియని ముఖంతో. ఏమన్నడు బాపూ, అమ్మను పిలిచిండా అని అడిగింది.

సోమలింగం తల అడ్డంగా ఊపాడు. అప్పటికే పోలీసులు వచ్చి కూర్చున్నారట. నిన్న సాయంత్రం లక్ష్మీకాంత్ సారు వచ్చి వాడి చెవి దగ్గర వంగి చాలాసేపు ఏదో చెప్పిపోయాడట. చేతిలో రిజిస్టరు లాంటిది ఉందని పక్కమంచం వాళ్లు అన్నారు. పొద్దున వాడి మొదటి మాట వాంగ్మూలమే. కాలిన వేళ్లతో సంతకం కాక, కాలి బొటనవేలు ముద్ర వేయించుకున్నారు.

"తీగ జరిపింది నేనే, వేడి పెంచింది నేనే అన్నడు" అన్నాడు సోమలింగం. తనకు అర్థం కాని సంగతిని కూతురైనా విప్పి చెబుతుందేమోనన్నట్టు చూశాడు. "ఇంకోటి గూడ అన్నడు బిడ్డా. అక్కకేం తెల్వదు అన్నడు. ఎవ్వలు అడుగలే నీ గురించి. అడుగకముందే రెండుసార్లు అన్నడు."

ఆ రిజిస్టరులో సంతకాలన్నీ సంధ్యారాణివే. వాడికి తెలుసు. ముందు నుంచీ తెలుసు. నోరు మూసుకోమని అక్క అంది, ఒళ్లు కాలినా వాడు ఆ మాట దాటలేదు.

సోమలింగం అర్థం కాక ఇద్దరి ముఖాలూ చూస్తున్నాడు. వీధి చివర అంబదాస్ చాయ్ తాగి తిరిగొస్తున్నాడు, వెనక ఒక తెల్ల కారు మెల్లగా వస్తోంది. కంపెనీ కారు. ఇద్దరు ఆడవాళ్లూ దాన్ని చూశారు. రవీంద్ర నేరం ఒప్పుకున్నాడు, ఇక వాణ్ణి విడిపించేది ఈ కాగితమే; ఇది లేకపోతే సంధ్యారాణి పేరు ఎక్కడా ఎత్తే మనిషే లేడు.

నీరజ మడిచిన కాగితాన్ని సంధ్యారాణి కళ్ల ముందుకు ఎత్తి పట్టుకుంది. వెనక పొయ్యి మీద బిడ్డ పాలు కాగుతున్నాయి, మంట నీలంగా ఉంది.

"గిప్పుడు చెప్పు అక్కా" అంది. "గీ కాయితం పోలీసులకు ఇయ్యాల్నా, పొయ్యిల పెట్టాల్నా?"